కుడివైపు దారిలో వెళ్తున్న ప్రయాణికుడికి మనవి

మా ఆవిడ గొంతు రోజుకి ముప్పై వేల మంది వింటారు. ఆ ముప్పై వేలల్లో నేను లేనన్న సంగతి పెళ్ళయిన ఇరవై అయిదేళ్ళకి గానీ బయటపడలేదు. అది కూడా ఇంట్లో నాలుగ్గోడల మధ్య కాదు. చెట్టన్నది మచ్చుకైనా లేని ఎడారిలో, పద్నాలుగు మంది పరాయివాళ్ళ ఎదుట.

ఆవిడ రైల్వే స్టేషన్లో అనౌన్సరు. నేను అదే స్టేషన్లో సామాన్ల గది ఇన్‌చార్జిని. ప్రయాణికులు బండికీ బండికీ మధ్య తమ పెట్టెలు నాకు అప్పగించి, ఇత్తడి బిళ్ళ జేబులో వేసుకుని ఊరు చూడ్డానికి పోతారు. తిరిగొచ్చి బిళ్ళ ఇస్తే పెట్టె ఇస్తాను. ఇందులో పెద్ద విద్యేముంది అనుకుంటారు గానీ, పెట్టెను ఒక్కసారి ఎత్తితే చాలు, లోపలున్నవి పుస్తకాలో బట్టలో, దాన్ని నింపాదిగా సర్దారో మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుంటూ కుక్కారో చెప్పగలను. ఆవిడ గది సరిగ్గా నా గదికి పైన. నా నెత్తి మీద గోడకి ఒక స్పీకరుంది. పొద్దున్న ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఆవిడ గొంతు అందులోంచి నా మీద పడుతూనే ఉంటుంది. పిండిమర పక్కింట్లో కాపురమున్నవాళ్ళకి మర చప్పుడు వినబడనట్టు, నాకు ఎప్పుడో, ఏ ఏడాదో తెలియదు, ఆ గొంతు వినబడడం మానేసింది.

ఆ వేసవి మొదట్లో స్టేషన్ మాస్టరు ఆవిణ్ణి పిలిచి ఒక కాగితం ఇచ్చారు. కొత్త యంత్రం వస్తోందట. ఆవిడ ఒకటి నుంచి వంద దాకా అంకెలూ, ఊళ్ళ పేర్లూ, "ఆలస్యంగా", "రద్దు", "చింతిస్తున్నాం" లాంటి మాటలూ విడివిడిగా చదివి రికార్డు చేసి ఇవ్వాలి. ఇక ఆ తర్వాత యంత్రమే వాటిని అతికించుకుని మాట్లాడుకుంటుంది. ఆవిడకి పార్సిల్ ఆఫీసులో బల్ల, కుర్చీ, సొంతంగా ఒక ఫ్యాను. ఇష్టమేనని సంతకం పెట్టడానికి ఆరు వారాలు గడువు.

ఆ సాయంత్రం కాగితం తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది.

"ఏమంటారు?"

"అనడానికేముంది, మంచిదేగా. గొంతుకి విశ్రాంతి. ఫ్యాను కూడా ఇస్తున్నారు."

"ఇవాళ తొమ్మిదీ పది బండి గురించి ఏం చెప్పాను?"

"లేటని చెప్పుంటావు."

"ఎంత లేటు?"

"అరగంట?"

"రద్దయింది" అంది, నా ముందున్న పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్తూ. ఇంకా నేను తినడం పూర్తి కాలేదు.

కాసేపటికి తనే తిరిగొచ్చి కూర్చుంది. కోపం లేదు. అదే నన్ను కంగారు పెట్టింది.

"అయిదో నంబరు ప్లాట్‌ఫారం అని మైకులో చెప్పి కిటికీలోంచి కిందికి చూస్తాను. అప్పుడే విన్న మనిషి, పక్కనున్న కూలీని పట్టుకుని ఎన్నో నంబరని అడుగుతుంటాడు. యంత్రం చెప్పినా అలాగే అడుగుతాడు. అలాంటప్పుడు అక్కడ నేనెందుకు కూర్చోవాలో నాకే తెలియడం లేదండీ. తెలిసిందా, సంతకం పెట్టను. తెలియలేదా, పెట్టేసి ఫ్యాను కింద కూర్చుంటాను."

"గడువుందిగా, ఆలోచించుకుందువు గానీ" అన్నాను పెద్దమనిషి తరహాలో.

"ఆలోచించాను. ఈసారి పెళ్ళిరోజుకి ఏడూ నలభై బండి ఎక్కుదాం."

"ఎక్కడికి?"

"చివరి దాకా."

ఏడూ నలభై బండి చివరి స్టేషను ఎర్రరాళ్ళ లోయలు. ఎడారి మధ్యలో నేల నిలువునా చీలిపోయి ఉంటుందనీ, దేశదేశాల నుంచి జనం వచ్చి ఆ చీలికల్లో నడిచి పోతారనీ విన్నాం. నడిచొచ్చిన వాళ్ళ పెట్టెలు నాకు తెలుసు. ఎంత దులిపినా నా అరల్లో ఎర్రటి ఇసుక వదిలిపోతాయి.

"ఇరవై అయిదేళ్ళుగా రోజూ జనాన్ని అక్కడికి పంపిస్తున్నాను. అక్కడేముందో నేను చూడొద్దూ?" అంది.

కాదనడానికి నా దగ్గర మాటేమీ లేదు. మూడు రోజులు, రోజుకి ఎనిమిది కిలోమీటర్ల నడక అని కరపత్రంలో చదివాక మాత్రం చాలా మాటలు దొరికాయి. మోకాళ్ళ గురించి, ఎండ గురించి, పాముల గురించి చెప్పాను. ఆవిడ అన్నీ విని, "రేపటి నుంచి డ్యూటీ దిగాక వంతెన మెట్లు ఎక్కుదాం, అలవాటవుతుంది" అంది.

స్టేషన్లో పట్టాల మీదుగా ఉన్న వంతెనకి ఇటు యాభై రెండు, అటు యాభై రెండు మెట్లు. రోజూ రెండున్నరకి వీపు మీద సంచులతో ఎక్కడం, దిగడం మొదలుపెట్టాం. బరువు కోసం సంచుల నిండా పాత టైంటేబుల్ పుస్తకాలు కుక్కాను. మొదటి రోజు మూడో విడతకే నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. కింద టీ కొట్టు ఆవిడ తాపీగా గ్లాసులు కడుక్కుంటూ, "ఏం అన్నా, బండి వెళ్ళిపోయిందా?" అని కేకేసింది. ఆ పూట నుంచి స్టేషన్ మొత్తానికి మేమే కాలక్షేపం.

నాలుగో రోజున అసలు గొడవ వచ్చింది. యూనిఫారాల్లో ఉన్న ఇద్దరు రైల్వేవాళ్ళు సంచులు మోసుకుంటూ హడావిడిగా వంతెనెక్కడం చూసి, మూడో ప్లాట్‌ఫారం మీదున్న ఒక కుటుంబం బండి వేరే ప్లాట్‌ఫారానికి మారిందనుకుంది. వాళ్ళు మా వెనక పరుగెత్తారు. వాళ్ళని చూసి ఇంకో పదిమంది. మేం పైకెక్కి, ఊపిరి పీల్చుకుని, వెనక్కి తిరిగి దిగబోతే మెట్ల నిండా జనం, పిల్లలు, ట్రంకు పెట్టెలు. "ఏ నంబరండీ?" అని అందరూ నన్నే అడుగుతున్నారు. మా ఆవిడ పరుగున తన గదిలోకి వెళ్ళి, ఆ పూట డ్యూటీ అబ్బాయిని పక్కకి జరిపి, బండి ఎక్కడికీ పోలేదని మైకులో చెప్పి అందర్నీ దింపాల్సి వచ్చింది. మర్నాడు స్టేషన్ మాస్టరు దగ్గర్నుంచి నాకు మెమో వచ్చింది. ఉద్యోగులు అకారణంగా వంతెన ఎక్కరాదని అందులో ఉంది. దాన్ని మా ఆవిడ మడిచి దాచుకుంది.

సర్దడం మాత్రం నాకు వదిలెయ్యమన్నాను. నా విద్య నాకుంది కదా. బరువైనవన్నీ నా సంచిలో, తేలికైనవన్నీ ఆవిడ సంచిలో. రెంటికీ నంబరు చీట్లు కట్టాను. చీట్లు ఊడితే మళ్ళీ కట్టడానికి పురికొస ఉండ ఒకటి ఆవిడ సంచి జేబులో పడేశాను. లోయల్లో మన రెండు సంచులూ ఎవరి వీపు మీద వాళ్ళకుంటే చీట్లెందుకని ఆవిడ అడిగింది. అలవాటు అన్నాను.

ఏడూ నలభై బండి మధ్యాహ్నం మూడింటికి మమ్మల్ని దింపింది. రేకుల కప్పు, ఒక బెంచీ, ఒక కుళాయి, అంతే ఆ స్టేషను. మైకు లేదు, స్పీకరు లేదు. మా ఆవిడ ప్లాట్‌ఫారం మీద నిలబడి అటూ ఇటూ చూసి, "ఇంతేనా? దీన్ని నేను ఎంత గొప్పగా పలికేదాన్నో" అంది.

మర్నాడు తెల్లారకముందే గైడు వచ్చి లేపింది. గైడంటే అరవై దాటిన మనిషి, ఎండకి మాడిన మొహం, మెడలో విజిలు, చేతిలో కర్ర. మాతోపాటు ఇంకో పద్నాలుగు మంది. గంటసేపు ఇసుకలో నడిచాక నేల ఉన్నట్టుండి రెండుగా విడిపోయింది. ఆ చీలికలోకి దిగాం. రెండు వైపులా ఎర్రగోడలు, ఎక్కడ చూసినా పొరలు పొరలుగా, చేత్తో నిమిరినట్టు నున్నగా ఉన్నాయి. కొన్నిచోట్ల దారి ఎంత ఇరుకంటే సంచి విప్పి పక్కకి పట్టుకుని నడవాలి. పైన ఆకాశం అంగవస్త్రమంత. ఎప్పుడో వేల ఏళ్ళ కిందట నీళ్ళు కోసిన దారులట అవి. మా ఆవిడ గోడ మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడిపోయింది. రెండు రోజులు ఆవిడ పెద్దగా మాట్లాడలేదు. ఎండ పొడ పడి గోడ రంగు మారినప్పుడల్లా నా మోచెయ్యి పట్టుకుని చూపించేది. నాకు కాళ్ళు పీకుతున్నా, నిజం చెప్పాలంటే అంత సంతోషంగా నేనెప్పుడూ లేను. కాగితం సంగతి ఇద్దరం ఎత్తలేదు.

మూడో రోజు మా పెళ్ళిరోజు. తొమ్మిది గంటలకి లోయలో కాస్త విశాలమైన చోట గైడు అందర్నీ ఆపింది. అక్కడి నుంచి దారులు చీలతాయి. గైడు ఏదో చెప్పడం మొదలుపెట్టింది. అప్పుడు నేను ఏం చేస్తున్నానంటే, కళ్ళజోడు పెద్దాయన ఒకాయన వీపున ఉన్న సంచిని చూస్తూ అది ఎన్ని కిలోలుంటుందో, అందులో అనవసరమైనవి ఎన్నో అంచనా వేస్తున్నాను. అరగంట ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు తిరగొచ్చు అన్న మాట ఒక్కటే నా చెవిన పడింది. జనం తలో దారీ పట్టారు. మా ఆవిడ బూటు లేసు కట్టుకోవడానికి రాయి మీద కూర్చుంది. కుడివైపు సందులో చల్లగా నీడ కనబడింది. అటు నడిచాను.

దారి కొంతదూరం తిన్నగా పోయింది. చల్లగాలి, కాళ్ళ కింద మెత్తటి ఇసుక, ఎక్కడా మనిషి అలికిడి లేదు. ఇంతలో నాకు బాగా తెలిసిన గొంతు గోడల్లోంచి, పైనుంచి, నాలుగు పక్కల నుంచీ రావడం మొదలైంది.

"ప్రయాణికులకు మనవి. కుడివైపు దారిలో వెళ్తున్న ప్రయాణికుడు వెంటనే వెనక్కి రావలసిందిగా కోరుతున్నాం."

ఇక్కడ నేను అబద్ధం చెప్పను. ఆ గొంతు వినగానే నా ప్రాణం హాయిగా కుదుటపడింది. ఏదో బండి వచ్చిందిలే అనుకున్నాను. ఎడారి నడిబొడ్డున, పట్టాలకి పదిమైళ్ళ దూరంలో! చేతి గడియారం కూడా చూసుకున్నాను. తొమ్మిదీ పది. సరిగ్గానే వచ్చిందే ఇవాళ అని కూడా అనుకున్నాను. ఆ గొంతు మళ్ళీ వచ్చింది, మళ్ళీ వచ్చింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తూనే ఉన్నాను.

దారి ఒకచోట నున్నటి రాయిగా మారి కిందికి వాలింది. చూస్తే నాలుగడుగుల లోతు అనిపించింది. కూర్చుని దిగుదామనుకున్నాను. కూర్చోవడం వరకే నా చేతిలో ఉంది. ఆ తర్వాతంతా రాయి చూసుకుంది. రెండు నిలువుల లోతున ఇసుకలో పడ్డాను. ఎముకలు తడుముకుంటే అన్నీ ఉన్నాయి. ప్యాంటు వెనక భాగం మాత్రం రాయి దగ్గరే ఉండిపోయింది. ముందు గోడ, వెనక గోడ, పక్కలా గోడలే. వచ్చిన దారినే ఎక్కబోయాను. మూడడుగులు ఎక్కితే నాలుగడుగులు జారాను.

అప్పుడు ఆ గొంతు ఆగిపోయింది. ఆగాకే, ఇంతసేపూ అది మా ఆవిడదని తెలిసింది.

కాసేపటికి పైన రాతి అంచు మీద ఆవిడ తల కనబడింది. బోర్లా పడుకుని తొంగి చూస్తోంది. బాగా రొప్పుతోంది.

"దెబ్బలేమైనా తగిలాయా?"

"లేదు."

"నిజం చెప్పండి."

"ప్యాంటుకి తగిలింది."

"నేను పిలుస్తుంటే వినబడలేదా?"

గాలికి వినబడలేదని చెబుదామనుకున్నాను. ఆకు కూడా కదలడం లేదు, అసలు ఆకే లేదు. "వినబడింది" అన్నాను.

"మరి?"

"నాకు కాదనుకున్నాను."

పైన ఆవిడ తల అంచు మీద నుంచి వెనక్కి పోయింది. నాకు రాయీ, దాని పైన ఇంత ఆకాశమూ తప్ప ఇంకేమీ కనబడ్డం లేదు. ఏడుస్తోందేమోనని చెవులు రిక్కించాను.

చాలాసేపటికి, "నీళ్ళు ఎవరి సంచిలో ఉన్నాయండీ?" అంది.

నీళ్ళు బరువు. కాబట్టి మొత్తం నా సంచిలో ఉన్నాయి. బిస్కట్లు తేలిక. అవన్నీ ఆవిడ సంచిలో. నా విద్య పుణ్యమా అని నేను కింద నీళ్ళతో, ఆవిడ పైన బిస్కట్లతో ఉన్నాం. ఈలోగా గైడు పరుగెత్తుకొచ్చి, కిందికి చూసి, ఈ రాయి దగ్గరికే కదా వెళ్ళొద్దన్నానని మొహం వాచేలా చివాట్లు పెట్టి, తాడు తేవడానికి జీపు దగ్గరికి పోయింది. పోయి రావడానికి గంట.

ఆ గంటలో మొదటి పావుగంట పురికొసతో గడిచింది. ఆవిడ కొసకి బిస్కట్ల పొట్లం కట్టి వదిలింది. నేను పొట్లం విప్పుకుని నీళ్ళ సీసా కట్టాను. ఆవిడ లాక్కుంది. ముడి సరిగా వేశారా అని అడిగింది. సామాన్ల గదిలో ఇరవై ఏడేళ్ళుగా అదే పని చేస్తున్నవాణ్ణి అలా అడగొచ్చా? కానీ ఆ పూట నోరెత్తే ముఖం నాకు లేదు.

నీళ్ళు తాగాక ఆవిడ మామూలు గొంతుతో మాట్లాడ్డం మొదలుపెట్టింది. మనిషి కనబడకపోయినా ప్రతి మాటా రాయి మీదుగా జారి నా దగ్గరికి వచ్చేస్తోంది.

"గట్టిగా అరవడం నాకు చేతకాదండీ. ఏమండోయ్ అని అరవబోతే గొంతులోంచి గాలే వచ్చింది. గట్టిగా మాట్లాడ్డం వచ్చు, అది ఇలాగే వచ్చు. మీ వీపు కనబడుతూనే ఉంది. తిరుగుతారు, తిరుగుతారు అనుకుంటూ చెప్పాను."

"తప్పయిపోయింది" అన్నాను.

"మన అమ్మాయి పుట్టిన రోజు గుర్తుందా?"

"ఎందుకు లేదూ? మంగళవారం. స్టేషన్ కిటకిటలాడుతోంది."

"నొప్పులు మొదలవగానే మైకులో మిమ్మల్నే పిలిచాను. సామాన్ల గది ఇన్‌చార్జి వెంటనే పై అంతస్తుకి రావలెను అని."

బిస్కట్టు నా నోట్లోనే ఉండిపోయింది. "ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదే!"

"మైకులో చెప్పాను కదండీ."

ఆసుపత్రికి తనని టీ కొట్టు ఆవిడ తీసుకెళ్ళిందని నాకు తెలుసు. ఆవిడే ఎందుకు తీసుకెళ్ళిందని మాత్రం ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

"ఆ రోజు మూడుసార్లు చెప్పి ఆపేశాను. రూలు అంతే, ఏదైనా మూడుసార్లే. మీరు రద్దీలో ఉన్నారనుకున్నాను. ఇన్నాళ్ళూ అలాగే అనుకుంటూ వచ్చాను." పైన సీసా మూత బిగించిన చప్పుడైంది. "సోమవారం సంతకం పెట్టేస్తానండీ. ఇంత ఖాళీ లోయలో, ఒకే ఒక్క మనిషికి, ఆ మనిషిని చూస్తూ చెప్పినా చెవికెక్కలేదంటే, ఇక ఆ స్టేషన్లో ఎవరి కోసం చెప్పాలి?"

వద్దనాలని నాకు నోటిదాకా వచ్చింది. ఏ ముఖం పెట్టుకుని అనను? సిగ్గు కన్నా భయం ఎక్కువైంది నాకు. ఆవిడ నిజంగానే ఆ కిటికీ దగ్గర్నుంచి లేచి వెళ్ళిపోతే దానికి కారణం యంత్రం కాదు, నేను.

అంతలో పైన చాలా అడుగుల చప్పుడైంది. ఒక మగగొంతు, "అమ్మా, కాస్త వింటారా?" అంది. ఇందాకటి కళ్ళజోడు పెద్దాయన.

"మేం పద్నాలుగు మందిమీ దారులు చీలే చోట వరసలో నిలబడి అరగంటయిందమ్మా. తర్వాత ఏం చెయ్యాలో మీరు చెప్పలేదు."

"మీరెందుకు నిలబడ్డారండీ?" అంది మా ఆవిడ తెల్లబోయి.

"వెనక్కి రమ్మన్నారుగా."

"అయ్యో, అది మీకు కాదండీ. మా ఆయనకి."

"మాకు కాదని మాకెలా తెలుస్తుంది? ఈ సందుల్లో ఏది కుడో ఏది ఎడమో ఎవరికి తెలుసు? మొదటిసారి విని, ఎవరికోలే అనుకున్నాం. మూడోసారికి ఆగిపోతుందనుకున్నాం. ఆగలేదు. నేను లెక్కపెట్టాను, పదకొండుసార్లు. రికార్డు వేసి వదిలేసింది కాదు ఇది, ఎవరో ఒక మనిషిని కళ్ళారా చూస్తూనే పిలుస్తున్నారు అని మా అందరికీ అర్థమైంది. ఎవరి దారి వాళ్ళు వదిలేసి పరుగెత్తుకొచ్చేశాం."

వెనక నుంచి ఎవరో, తను ఎడమ దారిలో బాగా లోపలున్నాననీ, అయినా వచ్చేశాననీ అన్నారు. ఇంకెవరో, తమ అత్తగారిని కూర్చున్నచోటు నుంచి లేపి మరీ తెచ్చామన్నారు.

మా ఆవిడ ఒకటి నుంచి పద్నాలుగు దాకా వాళ్ళని లెక్కపెట్టడం వినబడింది. నాకు కింద ఏడుపొచ్చేసింది. పద్నాలుగు మంది ఆవిడ మాట మీద తిరిగొచ్చారన్న సంతోషం, ఒక్క వెధవ రాలేదన్న బాధ, ఆ వెధవని నేనే అవడం, అన్నీ కలిసి వచ్చాయి. కింద ఉండడం వల్ల ఎవరూ చూడలేదు.

గైడు తాడు తెచ్చింది. నడుముకి ఎలా కట్టుకోవాలో పైనుంచి చెప్పింది. ఈసారి ప్రతి మాటా విని, తిరిగి అప్పజెప్పాను. పద్నాలుగు మందీ తాడు పట్టుకున్నారు. ఎవరికి వాళ్ళు ఒక్కోసారి లాగుతుంటే నేను గోడకి కొట్టుకుంటున్నాను.

"ప్రయాణికులకు మనవి" అంది మా ఆవిడ. గొంతు అప్పటికే సగం పోయింది. "నేను మూడు అనగానే అందరూ ఒకేసారి లాగవలసిందిగా కోరుతున్నాం."

అందరూ ఒకేసారి లాగారు. జన్మంతా పరాయివాళ్ళ సామాన్లు ఎత్తీ దించీ బతికిన నన్ను, ఆ పూట పరాయివాళ్ళు సామానులా పైకి చేర్చారు. అంచు మీదికి రాగానే మా ఆవిడ నన్ను పట్టుకుని ముందు నా తల, తర్వాత మోచేతులు తడిమింది. తర్వాత తన శాలువా తీసి నా నడుం చుట్టూ కట్టింది. మా ఆవిడ చెప్పినట్టుంది, పెద్దాయన పెళ్ళిరోజు శుభాకాంక్షలు చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎటు తిరిగి నిలబడాలో నాకు తెలియలేదు.

తిరుగు బండిలో ఆవిడ గొంతు పూర్తిగా పోయింది. దుమ్ము, ఎండ, పదకొండుసార్లు. ఏం కావాలన్నా ఆవిడ మొహం చూసి తెలుసుకోవాల్సి వచ్చింది. కిటికీ వేయమంటోందా తియ్యమంటోందా, నవ్వుతోందా వెక్కిరిస్తోందా అని దారి పొడవునా ఆవిడ మొహమే చూస్తూ కూర్చున్నాను. కాగితం గురించి అడిగాను రెండుసార్లు. రెండుసార్లూ కిటికీలోంచి బయటికి చూసింది.

సోమవారం పొద్దున్న స్టేషన్ మాస్టరు గదికి వెళ్తూ నన్నూ రమ్మని సైగ చేసింది. గదిలో యంత్రం అప్పటికే వచ్చి బల్ల మీద కూర్చుంది. ఆయన ముచ్చటగా మీట నొక్కి చూపించారు. ఎవరిదో గొంతు, ఏదో బండి, ఏదో నంబరు అని మూడుసార్లు చెప్పి ఆగింది.

"చూశారా అమ్మా, దగ్గుండదు, జలుబుండదు. సంతకం చేశారా?"

మా ఆవిడ కాగితం తీసి బల్ల మీద పరిచింది. సంతకం చెయ్యాల్సిన చోటు ఖాళీగా ఉంది. నోరు తెరిచింది. గాలి వచ్చింది. నా వైపు తిరిగి, గుసగుసగా, "మీరు చెప్పండి" అంది.

ఏం చెప్పాలో ముందు చెప్పలేదు. ఇప్పుడు అడిగినా చెప్పదని మొహం చూస్తే తెలిసింది.

"సార్, ఈ యంత్రం ఎన్నిసార్లు చెబుతుంది?"

"ఇప్పుడేగా విన్నారు, మూడుసార్లు."

"మూడోసారికి కూడా ఒకడు వెనక్కి తిరగలేదనుకోండి?"

"ఎవడా ఒకడు?"

"నేనే సార్" అన్నాను.

ఇక దాపరికం దేనికని మొత్తం చెప్పేశాను. కుడివైపు సందు, తొమ్మిదీ పది, రాయి, ప్యాంటు, వరసలో నిలబడ్డ పద్నాలుగు మంది, పెద్దాయన లెక్క. స్టేషన్ మాస్టరు మొదట మర్యాద కోసం ఆపుకున్నారు. ప్యాంటు దగ్గర ఆపుకోలేకపోయారు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. అమ్మాయి పుట్టిన రోజు సంగతి కూడా చెప్పాను. అక్కడ ఆయన నవ్వలేదు.

"యంత్రం మంచిదే సార్. బండ్ల సంగతి అది చెప్పుకోనివ్వండి" అన్నాను. "కానీ అది మూడుసార్లు చెప్పి తన పని అయిపోయిందనుకుంటుంది. ఆ మనిషి తిరిగాడో లేదో దానికి అక్కర్లేదు. ఈవిడ తిరిగేదాకా వదలదు. పట్టాల వైపు ఒరిగిన వాడో, తప్పిపోయిన పిల్లో కనబడితే పిలవడానికి ఆ మైకూ, ఆ కిటికీ ఈవిడకి ఉండాలి."

స్టేషన్ మాస్టరు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి ప్లాట్‌ఫారాల వైపు చూశారు. కింద ఎవరో కూలీని పట్టుకుని ఏదో అడుగుతున్నారు. ఆయన వచ్చి, సంతకం లేని ఆ కాగితం మడిచి సొరుగులో వేసేశారు.

"మైకు ఉంచుకోండమ్మా. పైవాళ్ళకి నేను రాసుకుంటాను. గొంతు బాగయ్యేదాకా సెలవు తీసుకోండి" అన్నారు. నా వైపు తిరిగి, "మీరు మాత్రం చెవులు చూపించుకోండి" అన్నారు.

బయటికొచ్చి మెట్లు దిగుతున్నాం. కింద ఏదో బండి వచ్చి ఆగింది. పెట్టెలు దిగుతున్నాయి, నా గది ముందు అప్పుడే వరస మొదలైంది. ఎవరో పెద్ద నల్ల ట్రంకు పెట్టె మోయలేక మోస్తున్నారు, అందులో పుస్తకాలే అనుకుంటూ గబగబా దిగుతున్నాను. నాలుగు మెట్లు దిగాక ఏదో తోచి ఆగాను. వెనక్కి తిరిగాను.

ఆవిడ పై మెట్టు మీదే నిలబడి ఉంది. చెయ్యి గొంతు మీద ఉంది. నన్ను చూసి కళ్ళు పెద్దవి చేసింది.

నాలుగు మెట్లూ తిరిగి ఎక్కాను. "పిలిచావా?" అన్నాను.

ఆ గొంతు గొంతులా లేదు. ఎవరికీ వినబడేది కాదు. ఆవిడ ఒక వేలు ఎత్తి చూపించింది.

"ఒక్కసారే" అంది.